360 కిలోమీటర్లకు గంటా పావు ఎందుకు? శంషాబాద్ నుంచి మధురపూడి దాకా ఒక లెక్క

మోకాళ్లు చూపించుకోవడానికి మా పిన్ని రాజమండ్రి నుంచి హైదరాబాద్ వచ్చి పది రోజులు మా ఇంట్లో ఉంది. తిరిగి దింపడానికి నేను కూడా వెళ్తున్నానని ఇద్దరికీ విమానం టికెట్లు తీశాను. ముందు రోజు రాత్రి ఆవిడ ఫోన్‌లో ఏదో చూస్తూ, "ఏరా, హైదరాబాద్ నుంచి రాజమండ్రికి 27 నిమిషాలే అని ఉంది ఇందులో. మరి టికెట్ మీద గంటా పావు వేశాడేంటి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఆవిడ ఫోన్‌లో ఉన్న అంకె అబద్ధం కాదు, టికెట్ మీద ఉన్నదీ అబద్ధం కాదు. ఆ రెండూ వేర్వేరు విషయాలకు సంబంధించిన అంకెలు. ఆ తేడా తెలియక చాలామంది ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరే టైమ్ దగ్గర్నుంచి, ఫ్లైట్ రద్దయితే రావాల్సిన పరిహారం దాకా లెక్క తప్పుతున్నారు.

ముందు దూరం సంగతి చూద్దాం. హైదరాబాద్, రాజమండ్రి మధ్య దూరం ఎంత? రోడ్డు మీద వెళ్లేవాళ్లు 400 కిలోమీటర్ల పైమాటే అంటారు. రైల్లో వెళ్లేవాళ్లకు సికింద్రాబాద్ నుంచి కాజీపేట, విజయవాడ మీదుగా దాదాపు 500 అవుతుంది. ఆకాశంలో గీత గీస్తే 360. ఊళ్లు రెండూ అవే, దూరాలు మాత్రం మూడు. రైలు వరంగల్ వైపు ఎక్కి మళ్లీ కిందికి దిగుతుంది. రోడ్డు ఊళ్లను, వంతెనలను వెతుక్కుంటూ పోతుంది. ఆకాశంలో కొలిచే దూరం మాత్రం ఒక ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంకో ఎయిర్‌పోర్ట్‌కు భూమి గుండ్రతనాన్ని కలుపుకుని గీసిన దగ్గరి దారి.

ఈ లెక్క ఎవరికి వాళ్లే ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 17 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది. (ఈ నిమిషాలు గడియారానివి కావు, డిగ్రీలో అరవయ్యో వంతును నిమిషం అంటారు.) రాజమండ్రి విమానాలు దిగే మధురపూడి 17 డిగ్రీల 7 నిమిషాల మీద ఉంది. అంటే రెండూ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నట్టే. ఇక రేఖాంశాలు చూస్తే శంషాబాద్ 78 డిగ్రీల 26 నిమిషాలు, మధురపూడి 81 డిగ్రీల 49 నిమిషాలు. తేడా 3 డిగ్రీల 23 నిమిషాలు. భూమధ్యరేఖ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఆ గీతలు దగ్గరపడతాయి కాబట్టి మన తెలుగు నేల దగ్గర అది 106 కిలోమీటర్లకు తగ్గుతుంది. 3.39 డిగ్రీలను 106తో గుణిస్తే 360 దగ్గర తేలుతుంది.

ఉత్తర దక్షిణాలుగా ఉన్న ఊళ్లకైతే ఇంకా తేలిక. విమానాల వాళ్లు వాడే నాటికల్ మైలు పుట్టిందే ఈ లెక్కలోంచి. అక్షాంశంలో ఒక నిమిషం తేడా అంటే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. తిరుపతి విమానాలు దిగే రేణిగుంట 13 డిగ్రీల 38 నిమిషాల మీద ఉంది. శంషాబాద్‌తో తేడా 3 డిగ్రీల 36 నిమిషాలు, అంటే 216 నిమిషాలు. కాబట్టి నిలువునా 216 నాటికల్ మైళ్లు. రేణిగుంట కాస్త తూర్పుకు జరిగి ఉంటుంది కాబట్టి ఆ వాటా కూడా కలిపితే 226 మైళ్లు, మన లెక్కలో 418 కిలోమీటర్లు. ఇదే పద్ధతిలో విజయవాడ విమానాలు దిగే గన్నవరం 264, విశాఖపట్నం 511 కిలోమీటర్లు వస్తాయి.

పిన్ని చూసిన 27 నిమిషాలు వచ్చింది ఇక్కడే. 360ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి చూపించారు. విమానం రన్‌వే మీద నిలబడిన క్షణంలోనే 800 వేగం అందుకుని, అదే వేగంతో వెళ్లి మధురపూడిలో టక్కున ఆగిపోతే పట్టే టైమ్ అది. ఢిల్లీ, దుబాయ్ లాంటి దూరాలకు ఈ పద్ధతి కొంత నయం. పొరుగు ఊళ్లకు మాత్రం అస్సలు పనికిరాదు.

బోర్డింగ్ పాస్ వెనక రాసుకున్న లెక్క

ఆగస్టు నెల, ఉదయం 7.05 ఫ్లైట్. 8.20కి దిగాలి. అది ఏటీఆర్ విమానం. రెక్కల కింద పంకాలు తిరిగేది, వెనక తలుపు దగ్గర మెట్లెక్కి లోపలికి వెళ్లేది. పిన్నికి కిటికీ సీటు ఇచ్చి, నేను పెన్ను తీసి బోర్డింగ్ పాస్ వెనక టైమ్‌లు రాసుకుంటూ కూర్చున్నాను.

7.00కి తలుపు మూశారు. 7.03కి విమానం కదిలింది. అక్కడి నుంచి రన్‌వే కొస దాకా నేల మీద నడక, ముందున్న రెండు విమానాలు ఎగిరేదాకా నిలబడటం. చక్రాలు నేల విడిచేసరికి 7.15. పైకెక్కడం ఆపి నిలకడగా సాగడం మొదలైంది 7.31కి. ఇంజిన్ మోత మారడంతో ఆ సంగతి తెలిసింది. దిగడం మొదలుపెట్టామని చెప్పింది 7.47కి. మధురపూడిలో చక్రాలు నేలను తాకింది 8.08కి. ఆగింది 8.12కి.

ఇప్పుడు విడదీసి చూడండి. నేల మీద 12 నిమిషాలు అక్కడ, 4 నిమిషాలు ఇక్కడ. గాల్లో 53. ఆ 53లో ఎక్కడానికి 16, దిగడానికి 21 పోగా, అసలు వేగంతో సాగింది 16 నిమిషాలే. తలుపు మూశాక గడిచిన టైమ్‌లో పావు వంతు కూడా కాదు. గాల్లో ఉన్న సేపటికి సగటు వేగం లెక్కిస్తే గంటకు 400 కిలోమీటర్ల చిల్లర వచ్చింది.

దగ్గరి ఊళ్ల ప్రయాణంలో ముఖ్యమైన ముడి ఇదే. దూరంతో సంబంధం లేని ఖర్చు ఒకటి ప్రతి విమానానికీ ఉంటుంది. నేల మీద నడవడం, ఎక్కడం, దిగడం, రన్‌వేకు ఎదురుగా వరుసలోకి రావడం. గన్నవరం వెళ్లినా ఢిల్లీ వెళ్లినా అది దాదాపు అంతే. ఢిల్లీ ప్రయాణంలో ఆ ఖర్చు కలిసిపోయి కనిపించదు. గన్నవరం ప్రయాణంలో అదే సగం. అందుకే గన్నవరం కంటే విశాఖ దాదాపు రెండింతల దూరమున్నా టికెట్ మీద టైమ్ రెండింతలు ఉండదు.

ఎయిర్‌బస్ ఎక్కితే సగం టైమ్‌లో వెళ్లిపోతామా? ఏటీఆర్ నిలకడ వేగం గంటకు 500 కిలోమీటర్లు, ఎయిర్‌బస్ ఏ320ది 830. తేడా చాలానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ జెట్ ఆ వేగం అందుకోవాలంటే బాగా పైకి పోవాలి. పైలట్లకు ఒక మోటు లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి 3 నాటికల్ మైళ్లు కావాలి. 30 వేల అడుగుల నుంచి దిగాలంటే 90 మైళ్లు. అంత ఎత్తుకు ఎక్కడానికీ అటూఇటుగా అంతే పడుతుంది. రెండూ కలిస్తే 180 మైళ్లు. మధురపూడికి ఉన్న మొత్తం దూరమే 194 మైళ్లు. గన్నవరానికి 142. అంటే గన్నవరం వెళ్లే జెట్ 30 వేల అడుగులకు ఎక్కే సందే లేదు, మధ్యలోనే ఆగి దిగడం మొదలుపెట్టాలి. పైగా 10 వేల అడుగుల కింద ఏ విమానమైనా 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్లు దాటకూడదన్న పరిమితి ఉంది. ఎయిర్‌పోర్ట్‌ల చుట్టుపక్కల జెట్, పంకాల విమానం ఇంచుమించు ఒకే వేగంతో నడుస్తాయి. చివరికి తేడా పది నిమిషాలకు అటూఇటుగా మిగులుతుంది. ఇంధనం మాత్రం జెట్ చాలా ఎక్కువ తాగుతుంది. ఏటీఆర్‌ను చిన్న విమానమని చిన్నచూపు చూసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. 300, 400 కిలోమీటర్ల దారులకు సరిగ్గా సరిపోయేలా చేసిన విమానం అది. రన్‌వే పొట్టిగా ఉన్న రోజుల్లో మధురపూడికి విమానం వచ్చిందంటే అది ఏటీఆర్ లాంటి పంకాల విమానాల వల్లే. తర్వాత రన్‌వేను 3 కిలోమీటర్లు దాటేలా పొడిగించాకే ఎయిర్‌బస్‌లు దిగడం మొదలైంది.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు తక్కువ ఛార్జీతో విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరినప్పుడు వాటిలో కడప–హైదరాబాద్ కూడా ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ ఏటీఆర్‌లతో ఆ సర్వీసు నడిపింది. సుమారు 500 కిలోమీటర్లు సాగే గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అని ఆ పథకంలో కొన్ని సీట్ల టికెట్‌కు పరిమితి పెట్టారు. గంటకు 500 అంటే ఏటీఆర్ వేగమే.

అటు తిరిగిందేంటి?

ఆ రోజు టేకాఫ్ అయిన నిమిషానికి పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఏరా, సూర్యుడు వెనకున్నాడు. మనం వెళ్లాల్సింది తూర్పుకు కదా, ఇటు పోతున్నాడేంటి?" అంది. ఆవిడ గమనించింది నిజమే. రాత్రి కురిసిన వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. విమానం పడమటికి ఎగిరి, కాసేపటికి పెద్ద మలుపు తిరిగి, అప్పుడు సూర్యుడి వైపు ముఖం పెట్టింది.

విమానం గాలికి ఎదురుగా ఎగరాలి, ఎదురుగానే దిగాలి. రెక్కల మీద గాలి ఎంత వేగంగా పారితే అంత తొందరగా లేస్తుంది కాబట్టి ఎదురుగాలి దానికి సాయం. శంషాబాద్‌లో రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా ఉన్నాయి. వాటి కొసల్లో రాసే 09, 27 అంకెలకు అర్థం దిక్సూచి మీద 90 డిగ్రీలు, 270 డిగ్రీలు అని, అంటే తూర్పు, పడమర. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి విమానాలు ఎక్కువగా పడమటికి ఎగురుతాయి. గోదావరి జిల్లాలకో, విశాఖకో పోయేవాళ్లు ముందు వికారాబాద్ వైపు ముఖం పెట్టి, తర్వాత వెనక్కి తిరగాలి.

దిగేటప్పుడూ అదే కథ. మధురపూడి రన్‌వే ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటుంది. నైరుతి గాలికి ఎదురుగా దిగాలంటే పడమటి నుంచి వస్తున్న విమానం నేరుగా దిగడానికి లేదు. ఎయిర్‌పోర్ట్ దాటి అవతలికి పోయి, తిరిగి రావాలి. పిన్ని కిటికీలోంచి చూస్తూనే ఉంది. కింద వరద నీటితో ఎర్రగా, సముద్రంలా గోదారి కనిపించింది. వంతెనలు గుర్తుపట్టి చూపించింది. తర్వాత నది వెనక్కి పోయింది, విమానం ఇంకా దిగలేదు. "గోదారి దాటేశామురా" అంది కంగారుగా. టెన్షన్ పడకు, ఇప్పుడు వెనక్కి తిరుగుతాడని చెప్పాను. తిరిగాడు. దిగడానికి 21 నిమిషాలు పట్టింది అందుకే.

అదే సంక్రాంతి రోజుల్లో అయితే గాలి ఈశాన్యం వైపు నుంచి వస్తుంది. శంషాబాద్‌లో తూర్పుకే ఎగిరి, మధురపూడిలో ఉన్న దారినే దిగిపోవచ్చు. రెండు మలుపులూ మిగులుతాయి. తిరుగు ప్రయాణానికి ఇదంతా తలకిందులు. వానాకాలంలో మధురపూడి నుంచి నైరుతికి ఎగిరితే అది హైదరాబాద్ వైపే. శంషాబాద్‌లోనూ తూర్పు నుంచి వచ్చి పడమటికి నేరుగా దిగుతారు.

పైన గాలి సంగతి వేరే. ఏటీఆర్ వెళ్లే 15, 20 వేల అడుగుల ఎత్తులో వానాకాలం గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. అంతకంటే బాగా పైన, జెట్‌లు తిరిగే ఎత్తులో అది తూర్పు నుంచి వీస్తుంది. ఒకే రోజు ఒకే ఊరికి పోయే రెండు విమానాల్లో ఒకదానికి గాలి తోడు, ఇంకోదానికి అడ్డు కావచ్చు. గాలి దెబ్బ నెమ్మది విమానానికే ఎక్కువ. తిరుపతికి 418 కిలోమీటర్లు తీసుకుందాం. గంటకు 500 వేగంతో పోయే విమానానికి 50 కిలోమీటర్ల ఎదురుగాలి వస్తే 56 నిమిషాలు, అదే గాలి వెనక నుంచి తోస్తే 46. పది నిమిషాల తేడా. 800తో పోయే జెట్‌కు అదే గాలితో తేడా 4 నిమిషాలే.

టికెట్ మీద ఉన్న టైమ్ ఎవరిది?

టికెట్ మీద రాసేది గాల్లో ఉండే టైమ్ కాదు. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టేదాకా. మా ప్రయాణంలో అది 7.03 నుంచి 8.12 దాకా, 69 నిమిషాలు. టికెట్ మీద 75. కదలడమే రెండు నిమిషాలు ముందు కదిలాం కాబట్టి మేం "8 నిమిషాలు ముందే వచ్చేశాం".

ముందే రావడం వింతేమీ కాదు. వానాకాలం మలుపులు, రన్‌వే దగ్గర క్యూ, పొద్దున్నే పొగమంచు, వీటన్నిటికీ కలిపి ఎయిర్‌లైన్లు షెడ్యూల్‌లో కొంత మిగులు పెట్టుకుంటాయి. షెడ్యూల్ టైమ్‌కు 15 నిమిషాల లోపు ఉంటే ఫ్లైట్ సమయానికి నడిచినట్టే లెక్క. డిసెంబర్, జనవరి ఉదయాల్లో గన్నవరం వెళ్లేవాళ్లకు ఈ మిగులు కూడా చాలదు. పొలాల మీద మంచు కమ్మి రన్‌వే కనబడకపోతే విమానం పైనే చక్కర్లు కొడుతుంది. ఒక్కో చక్కరుకు 4 నిమిషాలు. పది చుట్లు తిరిగితే, హైదరాబాద్ నుంచి గన్నవరం రావడానికి గాల్లో పట్టిన టైమ్ అంతా మళ్లీ అక్కడే ఖర్చవుతుంది. మంచు తెరవకపోతే వెనక్కే.

బ్లాక్ టైమ్‌ను నేను ఇంత పట్టుకోవడానికి ఇంకో కారణం డబ్బు. సరైన సమయంలో చెప్పకుండా ఎయిర్‌లైన్ ఫ్లైట్ రద్దు చేస్తే ఇవ్వాల్సిన పరిహారాన్ని విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఈ బ్లాక్ టైమ్ మీదే కట్టాయి. గంట వరకు ఉన్న ఫ్లైట్లకు 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల వరకు 7,500, ఆపైన 10,000. లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీకి ఫ్యూయల్ ఛార్జీ కలిపితే వచ్చే మొత్తం, రెండింటిలో ఏది తక్కువైతే అది. వాతావరణం లాంటి చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు. ఇప్పుడు పిన్ని ఫోన్ చూపించిన 27 నిమిషాలను నమ్ముకున్నవాళ్లు తమది 5,000 తరగతి అనుకుంటారు. టికెట్ మీద గంటా పావు ఉంది కాబట్టి వాళ్లది 7,500 తరగతి. అలాగే బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపు ఉన్న ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైతే భోజనమో, టిఫినో పెట్టాలి. మన రెండు రాష్ట్రాల మధ్య తిరిగే ఫ్లైట్లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. కౌంటర్ దగ్గర అడగడానికి మొహమాటపడొద్దు.

కోవిడ్ కాలంలో ఛార్జీలకు కూడా ప్రభుత్వం ప్రయాణ సమయాన్నే కొలబద్ద చేసింది. 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా దేశంలోని దారులను టైమ్‌ను బట్టి ఏడు తరగతులు చేసి, ఒక్కోదానికి కనీస, గరిష్ఠ ధరలు కట్టింది.

టికెట్ చూడకుండా అంచనా వేయాలంటే నేను వాడే లెక్క ఒకటుంది. ఏటీఆర్ అయితే దూరాన్ని 500తో భాగించి అరగంట కలపండి. గన్నవరానికి 32 నిమిషాలు, మీద అరగంట, గంట దాటి రెండు నిమిషాలు. మధురపూడికి గంటా 13. రేణిగుంటకు గంటా 20. టికెట్ మీద కనిపించే అంకెలకు ఇవి బాగా దగ్గరగా వస్తాయి.

ఇక ఇంటి గడప నుంచి గడపకు ఎంత? మేం కూకట్‌పల్లిలో 4.30కి బయల్దేరాం. ఔటర్ మీదుగా శంషాబాద్ చేరేసరికి 5.35. లగేజీ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి అంతకంటే ఆలస్యం చేయడానికి లేదు. మధురపూడిలో బ్యాగులు తీసుకుని రాజమండ్రిలో పిన్ని వాళ్లింటి గేటు తీసేసరికి 9.10. మొత్తం నాలుగు గంటల 40 నిమిషాలు. కార్లో అయితే ఏడెనిమిది గంటలు, పైగా ఆ మోకాళ్లతో. విమానం ఎక్కడం సబబే. విజయవాడకైతే నేను అంత గట్టిగా చెప్పలేను. ఎల్బీనగర్‌లో ఉండేవాళ్లు శంషాబాద్ చేరి లగేజీ ఇచ్చేలోపు అదే కారు విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటేస్తుంది. నాలుగున్నర, ఐదు గంటల్లో బెజవాడలో ఉంటారు. విమానంలో వెళ్లినా గడప నుంచి గడపకు నాలుగు గంటలు పడుతుంది. కూకట్‌పల్లి వాళ్లకూ ఎల్బీనగర్ వాళ్లకూ ఒకే జవాబు ఉండదు.

రెండు రోజుల తర్వాత నేనొక్కణ్నే తిరిగొచ్చాను. అలవాటు కొద్దీ ఈసారీ బోర్డింగ్ పాస్ వెనక రాసుకున్నాను. పైన గాలి ఎదురుగానే ఉన్నా గాల్లో ఉన్నది 48 నిమిషాలు. వెళ్లేటప్పటి కంటే ఐదు తక్కువ. శంషాబాద్‌లో దిగగానే పిన్నికి ఫోన్ చేసి చెప్పాను.

"అయితే ఈసారి ఎక్కడా వెనక్కి తిరక్కుండా నేరుగా దిగిపోయాడన్నమాట" అంది.